‘డ్రాగన్ ఏజ్ 2’ కథన నిర్మాణం: బలాలు, లోపాలు

వ్యాససంగ్రహం

2011లో వెలువడిన ‘డ్రాగన్ ఏజ్ 2’ ఫాంటసీ రోల్ ప్లేయింగ్ కంప్యూటర్ గేమ్. ఇది తన పూర్వభాగపు కథానాయకుణ్ణి, విశాలమైన దేశసంచారాన్ని విడిచిపెట్టి, ఒక వలస కుటుంబం ఒకే నగరంలో గడిపిన ఏడేళ్ళను కథావస్తువుగా స్వీకరించింది. ఈ ఎంపిక వల్ల కథనానికి సమకూరిన బలాన్ని, దానివల్లనే బయటపడిన నిర్మాణ లోపాలను విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథకుడు, కాలం, స్థలం, సహచర పాత్రలు, ఎంపికకూ ఫలితానికీ గల సంబంధం అనే అంశాలు ఇందులో ప్రధానంగా చర్చకు వస్తాయి.

కీలకపదాలు: కంప్యూటర్ గేమ్, ఫాంటసీ, కథాకథనం, కథకుడు, స్థలైక్యం, ఎంపిక, ఔచిత్యం.

1. ప్రవేశిక

కంప్యూటర్ గేమ్ గురించి జరిగే చర్చ సాధారణంగా రెండు దారుల్లో సాగుతుంది. ఒకటి దృశ్యనాణ్యత, వేగం, ఆడే తీరు మొదలైన సాంకేతికాంశాల పరిశీలన. రెండవది కథాసారాంశం చెప్పి, పాత్రలు బాగున్నాయనో బాగులేవనో తేల్చే రసజ్ఞత. ఈ రెండూ కలిసే చోటును పట్టించుకున్న పరిశీలన తక్కువ. అయితే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో కథను సాంకేతిక నిర్మాణం నుంచి విడదీయడం సాధ్యం కాదు. ఒక గుహ పటాన్ని పదిసార్లు వాడడం నిర్మాణవ్యయానికి సంబంధించిన విషయంగా కనిపించవచ్చు. కానీ ఆ గుహలో అడుగుపెట్టే వ్యక్తికి అది కథాప్రపంచం మీద నమ్మకానికి సంబంధించిన విషయం.

ఈ సంబంధాన్ని పరిశీలించడానికి ‘డ్రాగన్ ఏజ్ 2’ అనువైన కృతి. కెనడాలోని ఎడ్మంటన్ కేంద్రంగా పనిచేసే బయోవేర్ సంస్థ దీనిని నిర్మించింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రచురించింది. ప్రధాన రూపకర్త మైక్ లైడ్‌లా, ప్రధాన రచయిత డేవిడ్ గైడర్, సంగీతకర్త ఇనాన్ జుర్. మొదటి భాగమైన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ 2009 నవంబరులో రాగా, రెండవ భాగం 2011 మార్చిలో వచ్చింది. మధ్యలో గడిచింది పదహారు నెలలు మాత్రమే. ఇంత విస్తృతి గల గేమ్‌కు ఇది చాలా స్వల్పకాలం. ఈ కృతిలోని లోపాల్లో చాలావాటికి ఈ తొందర కారణమని చెప్పవచ్చు. అన్నింటికీ అదే కారణమని చెప్పడం మాత్రం విమర్శను సులభం చేసుకోవడమే అవుతుంది.

2. పూర్వభాగం నుంచి తెగిన బంధం

‘ఆరిజిన్స్’ ఫాంటసీ సాహిత్యంలో సుపరిచితమైన వీరగాథ. థెడాస్ అనే కల్పిత ఖండంలో, ఫెరెల్డెన్ రాజ్యం మీద డార్క్‌స్పాన్ అనే రాక్షసమూక దండెత్తుతుంది. గ్రే వార్డెన్ అనే యోధవర్గంలో చేరిన కథానాయకుడు రాజ్యమంతా తిరిగి సైన్యాలను కూడగట్టి ఆ మూకకు నాయకత్వం వహించే ఆర్చ్‌డీమన్‌ను ఎదుర్కొంటాడు. ఈ కథకు ఆరు వేర్వేరు ప్రారంభాలున్నాయి. ఆటగాడు ప్రభువంశపు మానవుడిగానో, మరుగుజ్జు జాతిలో అట్టడుగు కులస్థుడిగానో, నగరంలో వెలివాడలో బతికే ఎల్ఫ్‌గానో మొదలుపెట్టవచ్చు. మొదలు ఏదైనా గమ్యం ఒక్కటే: లోకరక్షణ.

రెండవ భాగం ఈ చట్రాన్ని పూర్తిగా వదిలేసింది. ఇందులో ప్రధానపాత్ర హాక్. స్త్రీయా పురుషుడా, యోధుడా మాంత్రికుడా అనేది ఆటగాడి ఇష్టం. మానవజాతి, ఇంటిపేరు, కుటుంబం మాత్రం నిర్ణీతం. మొదటి భాగంలో ధ్వంసమైన లోథరింగ్ గ్రామం నుంచి తల్లి లియాండ్రా, తోబుట్టువులు బెథనీ, కార్వర్‌లతో కలిసి హాక్ పారిపోతుండగా కథ ప్రారంభమవుతుంది. దారిలోనే తోబుట్టువుల్లో ఒకరు చనిపోతారు. హాక్ మాంత్రిక పాత్ర అయితే బెథనీ, కాకపోతే కార్వర్. సముద్రం దాటి తల్లి పుట్టిల్లైన కిర్క్‌వాల్ నగరానికి చేరితే, కాందిశీకులకు నగరద్వారాలు మూసి ఉంటాయి. ఆశపెట్టుకున్న వంశగృహాన్ని మేనమామ గామ్లెన్ అప్పటికే పోగొట్టుకుని ఉంటాడు. లోపలికి ప్రవేశం దొరకాలంటే ఒక ఏడాదిపాటు కిరాయి మూకకో, దొంగసరుకు ముఠాకో వెట్టి చేయక తప్పదు.

మొదటి భాగాన్ని ఆడినవారికి ఇది నిరాశ కలిగించింది. తాము రక్షించిన రాజ్యం ఏమైందో తెలుసుకుందామని వచ్చినవారికి, ఆ యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న ఒక కుటుంబం కథ ఎదురైంది. కానీ వీరగాథకు అవతలివైపు ఉండేది ఈ కుటుంబమే. యుద్ధం గెలిచినవారి కథలో లోథరింగ్ పటం మీద చెరిగిపోయే ఒక చుక్క. హాక్ కథ ఆ చుక్క దగ్గర మొదలవుతుంది. పూర్వభాగాన్ని పునరావృతం చేయకుండా దాని నీడను వస్తువుగా తీసుకోవడం కొనసాగింపు రచనలో అరుదైన సాహసం.

3. చెప్పేవాడు, అడిగేది

ఈ గేమ్‌లోని మొదటి పోరాటం అబద్ధం. హాక్, పక్కన తోబుట్టువు, చుట్టూ డార్క్‌స్పాన్ గుంపులు. ఒక్కొక్క దెబ్బకు శత్రువులు ముక్కలై ఎగిరిపడుతుంటారు. ఆటగాడు ఈ అపారశక్తికి అలవాటు పడేలోపే ఒక స్త్రీస్వరం అడ్డుతగిలి, ఇది జరగలేదంటుంది. దృశ్యం మారుతుంది. చీకటి గదిలో మరుగుజ్జు జాతికి చెందిన వారిక్ టెథ్రాస్ బందీగా కూర్చుని ఉంటాడు. అతణ్ణి ప్రశ్నిస్తున్నది చాంట్రీ అనే మతసంస్థకు చెందిన విచారణాధికారిణి కసాండ్రా పెంటఘాస్ట్. హాక్ గురించి వారిక్ రాసిన పుస్తకం ఆమె చేతిలో ఉంది. ఆమెకు కావలసింది పుస్తకం కాదు, నిజం. అప్పుడు కథ మళ్ళీ మొదలవుతుంది. ఈసారి హాక్ మామూలు మనిషి.

తెలుగు పాఠకులకు కథలో కథ కొత్తకాదు. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో ముప్పైరెండు సాలభంజికలు భోజరాజుకు విక్రమార్కుని కథలు చెబుతాయి. అక్కడ కథ చెప్పడం వెనుక ఒక ప్రయోజనం ఉంది. కథ వినేవాడు సింహాసనం ఎక్కడానికి అర్హుడా అని ప్రశ్నించడమే ఆ ప్రయోజనం. కథకుడికి శ్రోత మీద ఒక ఉద్దేశం ఉన్నప్పుడే కథాకథన పద్ధతికి అర్థం ఏర్పడుతుంది. లేకపోతే అది కథలను గుదిగుచ్చే దారం మాత్రమే. వారిక్‌కు అలాంటి ఉద్దేశం ఉంది. నగరాన్ని తగలబెట్టి యుద్ధం రేపిన కుట్రదారుగా హాక్‌ను అనుమానిస్తున్న అధికారి ముందు, తన స్నేహితుణ్ణి ఒక మనిషిగా నిలబెట్టడం అతని పని. అందుకే అతని కథనంలో రాజకీయం కంటే ఇల్లు, అప్పులు, స్నేహాలు, సారాకొట్టు ముచ్చట్లు ఎక్కువ.

ఈ పద్ధతిని గేమ్ రెండవసారి గట్టిగా వాడేది రెండవ అంకంలో. తనను మోసం చేసిన అన్న బార్ట్రాండ్ ఇంటి మీదికి వారిక్ ఒంటరిగా వెళ్ళి కాపలాదారులందరినీ మట్టికరిపించినట్లు చెబుతాడు. ఆటగాడే వారిక్‌ను నడిపిస్తూ ఆ అతిశయోక్తిని ఆడతాడు. కసాండ్రా మళ్ళీ పట్టుకుంటుంది. ఇక్కడి హాస్యం వెనుక ఒక బాధ ఉంది. మతిచెడిన అన్నను చూడవలసివచ్చిన ఘట్టాన్ని చెప్పడానికి ముందు అతడు తనను తాను వీరుణ్ణి చేసుకోవలసివచ్చింది. అబద్ధం పాత్రస్వభావాన్ని బయటపెట్టింది.

లోపం కూడా ఇక్కడే ఉంది. ఇంత శక్తిగల సాధనాన్ని గేమ్ రెండు ప్రధాన సందర్భాలకే పరిమితం చేసింది. అంకాల మధ్య గడిచిన మూడేసి ఏళ్ళను బొమ్మలతో కూడిన వ్యాఖ్యానంగా చెప్పడానికి తప్ప, వారిక్ కథకత్వం ఆటలో జరిగే విషయాల మీద ప్రభావం చూపదు. అతడు లేని చోట హాక్ ఏకాంతంలో మాట్లాడిన మాటలు అతనికెలా తెలిశాయన్న ప్రశ్న రాదు. ఆటగాడి ఎంపికలు నిజంగా జరిగినవా, వారిక్ కల్పించినవా అన్న సందేహాన్ని రేపే అవకాశం ఉన్నా కృతి దాని జోలికి పోలేదు. గేమ్‌ను సమర్థించేవారిలో కొందరు, ఒకే గుహ పదేపదే కనిపించడాన్ని కూడా వారిక్ ఖాతాలో వేస్తారు. కథకుడికి గుహలన్నీ ఒకటేనట! చమత్కారంగా బాగుంది గాని, ఒక్క దెబ్బకు పదిమంది పడ్డారంటే నమ్మని కసాండ్రా, నాలుగు వేర్వేరు గుహలు ఒకే అచ్చున ఉన్నాయంటే ఊరుకుంటుందని నమ్మడం కష్టం.

4. స్థలైక్యం, ఏడు సంవత్సరాలు

నాటక విమర్శలో స్థలైక్యం, కాలైక్యం జంటగా వినిపించే పదాలు. ‘డ్రాగన్ ఏజ్ 2’ మొదటిదాన్ని దాదాపు పాటించి రెండవదాన్ని పూర్తిగా ఉల్లంఘించింది. కథలో ఎక్కువ భాగం కిర్క్‌వాల్‌లోను, దాని పొలిమేరల్లోను జరుగుతుంది. కాలం మాత్రం ప్రవేశఘట్టం నుంచి ముగింపు దాకా సుమారు ఏడేళ్ళు. వెట్టి ఏడాది గడిచాక మొదటి అంకం, మూడేళ్ళ తర్వాత రెండవది, మరో మూడేళ్ళకు మూడవది.

కిర్క్‌వాల్‌కు గతం ఉంది. ఒకప్పుడు టెవింటర్ సామ్రాజ్యపు బానిసల వర్తకకేంద్రం. రేవు ముఖద్వారంలో వేదనతో వంగిన బానిసల మహావిగ్రహాలు ఇప్పటికీ నిలిచి ఉంటాయి. బానిసలను నిర్బంధించిన గాలోస్ కోటలోనే ఇప్పుడు మాంత్రికులను ఉంచుతారు. ఈ లోకంలో మాంత్రికులు పుట్టుకతో అనుమానితులు. వారిని దుష్టశక్తులు ఆవహించవచ్చన్న భయంతో, సర్కిల్ అనే వ్యవస్థలో బంధించి, టెంప్లర్లనే మతసైనికులు కాపలా కాస్తారు. భవనం మారలేదు, లోపలి మనుషులే మారారు. ఏ పాత్రా ఉపన్యాసం ఇవ్వకుండానే స్థలమే ఈ వాదాన్ని వినిపిస్తుంది. నగరం ఎగువ, దిగువలుగా విడిపోయి ఉండడం కూడా ఇటువంటిదే. హైటౌన్‌లో భవంతులు, లోటౌన్‌లో గామ్లెన్ ఇరుకు కొంప, దానికీ కింద డార్క్‌టౌన్‌లో ఆండర్స్ నడిపే ఉచిత వైద్యశాల. హాక్ ఎదుగుదల అంటే అక్షరాలా మెట్లెక్కడమే.

కాలం గడవడం సఫలంగా కనిపించే చోట్లూ ఉన్నాయి. బోన్ పిట్ అనే గని ఒక ఉదాహరణ. మొదటి అంకంలో యజమాని హ్యూబర్ట్ హాక్‌ను గనిలోని ఆపదను తొలగించమని కోరతాడు. అక్కడి పనివారు ఫెరెల్డెన్ నుంచి వచ్చిన కాందిశీకులు. హాక్ గనిలో భాగస్వామి కావచ్చు. రెండవ అంకంలో మళ్ళీ ప్రమాదం, మళ్ళీ పిలుపు. మూడవ అంకంలో మహాసర్పం వచ్చి పడేసరికి పనివారు మిగలరు. మొదట తోటి వలసజీవులకు సాయమనుకున్న పని, చివరికి వారి చావుల మీద వాటా తీసుకున్న లెక్కగా తేలుతుంది. ఈ మాటను గేమ్ ఎక్కడా పైకి అనదు. మూడు అంకాల్లో మూడుసార్లు అదే కొండదారి ఎక్కిన ఆటగాడికి అది తెలుస్తుంది. స్థలం పునరావృతం కావడం ఇక్కడ అర్థాన్ని పెంచింది.

మరి అదే పునరావృతి మిగతా చోట్ల విసుగెందుకు కలిగిస్తుంది? బోన్ పిట్ విషయంలో తిరిగి వచ్చేది అదే స్థలం. గుహల విషయంలో తిరిగి వచ్చేది వేరే పేరు పెట్టుకున్న అదే పటం. సముద్రతీరపు గుహ, కొండ సొరంగం, నగరం కింద దొంగల స్థావరం అని కథ చెబుతుంది. కంటికి కనిపించేది మాత్రం ఒకటే. అవసరం లేని దారులను రాతిపలకలతో మూసి, ప్రవేశాన్ని ఇటు నుంచి అటు మార్చి వాడారు. తెరమూల కనిపించే చిన్నపటం మీద ఆ మూసిన దారులు కూడా కనిపిస్తుంటాయి. భవంతుల లోపలి భాగాలదీ ఇదే తీరు. ఇది నిస్సందేహంగా వ్యవధి లేకపోవడం వల్ల వచ్చిన లోపం.

దీనికంటే లోతైన లోపం నగరం మారకపోవడం. ఏడేళ్ళలో లోటౌన్ అంగళ్ళు అవే, వర్తకులు నిలబడ్డ చోటు అదే. పగటికీ రాత్రికీ తేడా చూపిన రూపకర్తలు ఏడేళ్ళకు ఆ తేడా చూపలేదు. మూడేళ్ళు గడిచాయని వారిక్ చెబితేనే ఆటగాడికి తెలుస్తుంది. హాక్ మాంత్రికపాత్ర అయినప్పుడు ఇది ఔచిత్యభంగం దాకా వెళ్తుంది. సర్కిల్‌లో లేని మాంత్రికుల్ని వేటాడే టెంప్లర్ల ఎదుటే హాక్ చేతికర్ర ఊపి నిప్పుల వాన కురిపించినా ఎవరూ పట్టించుకోరు. కథ మొత్తం ఏ భయం మీద నిలబడిందో, ఆ భయం ప్రధానపాత్రను తాకదు.

5. సహచరులు: స్నేహం, వైరం

గేమ్‌లో అందరూ ఒప్పుకునే బలం సహచర పాత్రలు. కావలిదళంలో చేరి నాయకురాలైన ఎవలిన్, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫెన్రిస్, నిషిద్ధ రక్తమంత్రంతో తన జాతి గతాన్ని తిరిగి తేవాలనుకునే మెరిల్, ఓడ పోగొట్టుకున్న ఇసబెలా, న్యాయమనే ఆత్మను తనలో మోసే మాంత్రికుడు ఆండర్స్. ‘ఆరిజిన్స్’లో సహచరులు శిబిరంలో నాయకుడి కోసం ఎదురుచూస్తుంటారు. ఇక్కడ ఒక్కొక్కరికీ నగరంలో ఒక ఇల్లు, ఒక వ్యాపకం ఉంది. వారిళ్ళకు హాక్ వెళ్ళాలి. వెళ్ళేసరికి మరో సహచరుడు అక్కడ కూర్చుని కబుర్లాడుతుండడం కనిపిస్తుంది. నాయకుడు లేని వేళ కూడా వారికొక జీవితం ఉందన్న భావన చిన్న విషయంలా తోస్తుంది గాని, పాత్రలకు ప్రాణం పోసింది అదే.

సంబంధాలను కొలిచే పద్ధతిలోనూ ఒక నూతనత్వం ఉంది. పూర్వభాగంలో సహచరుడికి నచ్చినట్లు నడుచుకుంటే అభిమానం పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. అందుచేత ఆడేవారు ఎదుటివారికి నచ్చే జవాబులు ఏరుకుంటారు. కానుకలిచ్చి మెప్పిస్తారు. రెండవ భాగంలో కొలబద్దకు ఒక కొస స్నేహం, రెండో కొస వైరం. రెండు కొసలకూ విలువ ఉంది. మెరిల్ రక్తమంత్రాన్ని ఏడేళ్ళపాటు వ్యతిరేకించినా ఆమెతో బంధం తెగదు, ఆ వ్యతిరేకతే బంధంగా గట్టిపడుతుంది. రెండవ అంకం చివర పవిత్రగ్రంథంతో పారిపోయిన ఇసబెలా తిరిగి రావాలన్నా, ఆమెతో స్నేహమో వైరమో ఏదో ఒకటి బలపడి ఉండాలి. ఎటూ కాని మర్యాదకు ఆమె వెనక్కి రాదు. మనుషుల మధ్య సంబంధాన్ని ఇష్టాయిష్టాల లెక్కగా కాక, పట్టింపుగా చూసిన ఈ ఊహ ఆర్.పి.జి.ల చరిత్రలో గుర్తించదగినది. అయితే దీనిలోనూ యాంత్రికత పూర్తిగా పోలేదు. ఒకే సహచరుడి పట్ల కొంత సమర్థన, కొంత విమర్శ చూపే సమతూకపు ఆటగాడి కొలబద్ద మధ్యలో నిలిచిపోయి ఏ ఫలమూ దక్కదు.

పాత్రచిత్రణలో కరుణ మాత్రమే కాదు, హాస్యమూ ఉంది. శత్రువుల ముందు తొణకని ఎవలిన్ తన దళంలోని డానిక్ మీద మనసుపడి, ఆ మాట చెప్పలేక, రాగిరేకు మీద చెక్కిన బంతిపూలను హాక్ చేత పంపుతుంది. గ్రహించవలసినవాడు గ్రహించడు. లోకరక్షణతో ఏ సంబంధమూ లేని ఈ ఘట్టాన్ని మొదటి భాగపు చట్రంలో ఊహించలేము.

మాటతీరు విషయం కూడా ఇక్కడే ప్రస్తావించాలి. మొదటి భాగంలో కథానాయకుడి వాక్యాలు తెరమీద పూర్తిగా కనిపించేవి, వినిపించేవి కావు. రెండవదానిలో హాక్‌కు గొంతు ఉంది. పురుషస్వరం నికోలస్ బౌల్టన్‌ది, స్త్రీస్వరం జో వయట్‌ది. సౌమ్యం, హాస్యం, కాఠిన్యం అని మూడు ధోరణుల్లో జవాబులు చక్రంలో అమరి ఉంటాయి. ఏ ధోరణి ఎక్కువగా ఎంచుకుంటే, ఆటగాడు ఎంచుకోని సందర్భాల్లో కూడా హాక్ మాట ఆ ధోరణికే ఒరుగుతుంది. అలవాటే స్వభావమౌతుందన్న మాట. నష్టం ఏమిటంటే, చక్రంలో కనిపించేది రెండు మూడు పదాల సూచన మాత్రమే. హాక్ నోట వచ్చే పూర్తి వాక్యం కొన్నిసార్లు ఆ సూచనకు దూరంగా ఉండి, ఆటగాడు అనదలచుకోని మాటను అతని పేర అంటుంది.

6. పోరాటం

పోరాట పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ‘ఆరిజిన్స్’లో కంప్యూటర్ మీద ఆడేవారు పైనుంచి రంగస్థలాన్ని చూస్తూ, ఆటను నిలిపి వ్యూహం పన్నేవారు. రెండవ భాగంలో వేగం పెరిగింది, ఆ పైచూపు పోయింది. సహచరుల విద్యలు ఒకదానితో ఒకటి కలిసి ఫలితాన్ని పెంచే ఏర్పాటు మెచ్చదగినది. కానీ శత్రువులు అలలు అలలుగా వస్తారు. మొదటి గుంపు పడగానే రెండవ గుంపు కప్పుల మీదనుంచి దూకుతుంది, లేదా వెనుక ఖాళీ సందులో ప్రత్యక్షమవుతుంది. యోధుల్ని ముందు, మాంత్రికుల్ని వెనుక నిలిపిన అమరికకు అప్పుడు అర్థం ఉండదు. వ్యూహం పన్నమని ఆహ్వానించి దానిని వ్యర్థం చేయడం ఆటధర్మానికి విరుద్ధం. సహచరుల కవచాలను మార్చే అవకాశం తీసివేయడం మీద కూడా ఫిర్యాదులున్నాయి. అయితే ఆ నిర్ణయం వల్ల ప్రతి పాత్రకూ చెదరని రూపురేఖలు మిగిలాయి. అది లాభమే.

7. ఎంపిక, ఫలితం

ఈ గేమ్ మీద వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది, ఆటగాడు ఏది ఎంచుకున్నా ఫలితం మారదన్నది. ఈ ఆరోపణను ఒకే తక్కెడలో తూచకూడదు. ఇందులో మూడు భిన్న సందర్భాలు కలిసిపోయి ఉన్నాయి.

రెండవ అంకంలో తల్లి లియాండ్రా మరణం మొదటిది. తెల్ల కలువలు పంపి స్త్రీలను అపహరించే హంతకుడి జాడ మొదటి అంకం నుంచే ఉంటుంది. చనిపోయిన తన భార్యను మళ్ళీ నిర్మించాలని స్త్రీల దేహాలను కోసి కలిపే మాంత్రికుడతడు. ఒకరోజు హాక్ ఇంట్లో తెల్ల కలువలు కనిపిస్తాయి. ఎంత త్వరగా వెతికినా, ఏ సహచరుణ్ణి తీసుకువెళ్ళినా తల్లి దక్కదు. ఇక్కడ ఎంపిక లేకపోవడం లోపం కాదు. నగరాన్ని జయించిన పాత్ర ఇంటిని కాపాడుకోలేకపోయింది. డీప్ రోడ్స్ పాతాళయాత్రలో సంపాదించిన ధనంతో తిరిగి కొన్న వంశగృహంలో చివరికి హాక్ ఒంటరిగా కూర్చోవలసివస్తుంది. గెలవడానికి అలవాటుపడిన ఆటగాణ్ణి నిస్సహాయుణ్ణి చేయడం వల్లనే శోకం స్థాయి పొందింది.

రెండవది అరిషాక్ ఘట్టం. ఓడ పగిలి కిర్క్‌వాల్‌లో చిక్కుకున్న కునారి సేనకు నాయకుడైన అరిషాక్ మూడేళ్ళు రేవులో కదలకుండా కూర్చుంటాడు. అతడు వెదికే పవిత్రగ్రంథం ఇసబెలా దొంగిలించినది. ఓపిక నశించి నగరాధిపతి తల నరికిన తర్వాత, ఆమెను అప్పగించాలా, ద్వంద్వయుద్ధం చేయాలా అన్నది ఆటగాడి ముందుకొస్తుంది. ద్వంద్వయుద్ధానికి పిలుపు దొరకడం, గ్రంథంతో ఇసబెలా తిరిగి రావడం ఏళ్ళపాటు హాక్ ప్రవర్తించిన తీరు మీద ఆధారపడి ఉంటాయి. ఎంపికకూ ఫలితానికీ, పాత్రకూ ఘటనకూ మధ్య అల్లిక ఇంత బిగువుగా ఉన్న చోటు ఈ కృతిలో మరొకటి లేదు. కథ రెండవ అంకంతో ముగిసివుంటే దాని కీర్తి వేరుగా ఉండేదనడం అతిశయోక్తి కాదు.

మూడవ అంకంలో ఈ అల్లిక విడిపోతుంది. టెంప్లర్ల అధిపతి మెరెడిత్, మాంత్రికుల పెద్ద ఆర్సినో నడివీధిలో తలపడతారు. వారి మధ్య రాజీ కోసం నిలిచిన ఎల్థీనా ఉండగానే చాంట్రీని ఆండర్స్ పేల్చివేస్తాడు. అందుకు కావలసిన ద్రవ్యాలను తెలియక సేకరించి ఇచ్చింది హాక్. నిరాకరించినా ఆండర్స్ ఆగడు. ఇంతవరకు కూడా సమర్థించవచ్చు. స్నేహితుడి నిర్ణయం స్నేహితుడిది. ఆ తర్వాత మాంత్రికుల పక్షమా, టెంప్లర్ల పక్షమా అన్న ప్రశ్న వస్తుంది. ఏడేళ్ళ కథ ఈ ప్రశ్న కోసమే నడిచింది. మాంత్రికుల పక్షం వహించి గెలుస్తున్న వేళ కూడా ఆర్సినో నిరాశతో రక్తమంత్రాన్ని ఆశ్రయించి వికృతరూపుడై హాక్ మీదికే వస్తాడు. టెంప్లర్ల పక్షం వహించినా మెరెడిత్ కత్తి ఎత్తుతుంది. ఏ దారిన వెళ్ళినా ఇద్దరితోనూ పోరాడాలి. లియాండ్రా విషయంలో నిస్సహాయత విషాదంగా పరిణమించింది. ఇక్కడ అది పెద్ద పోరాటం ఒకటి ఉండాలన్న అవసరంగా మాత్రమే కనిపిస్తుంది. తన పక్షం గెలుస్తుండగా ఆర్సినో నిరాశపడడానికి కథలో తగిన కారణం లేదు.

ఇంతకంటే గంభీరమైన లోపం మెరెడిత్ చిత్రణలో ఉంది. మొదటి అంకంలో పాతాళం నుంచి హాక్ బృందం పైకి తెచ్చిన ఎర్ర లిరియమ్ ప్రతిమ బార్ట్రాండ్‌ను పిచ్చివాణ్ణి చేసి, చేతులు మారి, చివరికి మెరెడిత్ ఖడ్గంగా తేలుతుంది. నిర్మాణదృష్టితో చూస్తే ఇది చక్కని బీజన్యాసం. మొదటి అంకపు లాభం మూడవ అంకపు వినాశమైంది. కానీ మెరెడిత్ కాఠిన్యానికి ఆ ప్రతిమ కారణమని తేలగానే రాజకీయ ప్రశ్న ఆవిరైపోతుంది. మాంత్రికుల నిర్బంధం న్యాయమా అన్నది చర్చ. సర్కిల్‌లో మాంత్రికుల మనసును కత్తిరించి ట్రాంక్విల్ అనే నిర్వికారస్థితికి తెచ్చే ఆచారం, దానిని అందరి మీదా ప్రయోగించాలన్న ఒక టెంప్లర్ పథకం రెండవ అంకంలో కనిపిస్తాయి. అవి పిచ్చి పనులు కావు, వ్యవస్థ పనులు. వ్యవస్థకు ప్రతినిధి అయిన వ్యక్తిని ఒక మాయవస్తువు ఆవహించినదిగా చూపితే, దోషం వ్యవస్థ నుంచి వస్తువుకు బదిలీ అవుతుంది. ఎదుటిపక్షంలో కూడా ఇదే జరిగింది. హాక్‌కు ఎదురైన మాంత్రికుల్లో అత్యధికులు ఏదో ఒక క్షణంలో రక్తమంత్రానికి దిగుతారు. టెంప్లర్ల భయం నిజమేనని గేమ్ ప్రతి మలుపులోనూ నిరూపిస్తూ, ఆ భయాన్ని ప్రశ్నించమని ఆటగాణ్ణి అడుగుతుంది. ఈ లోపానికి పదహారు నెలల వ్యవధిని సాకుగా చూపలేము. ఇది రచనలోని లోపం.

8. తరువాతి భాగంలో

2011 జులైలో ‘లెగసీ’, అక్టోబరులో ‘మార్క్ ఆఫ్ ది అసాసిన్’ అనే అనుబంధ కథలు వెలువడ్డాయి. రెండింటికీ కొత్త ప్రదేశాలు నిర్మించారు. మొదటిది హాక్ తండ్రి గతాన్ని వెలికితీస్తుంది. గుహల విషయంలో వచ్చిన విమర్శను సంస్థ విన్నదనడానికి ఇవి నిదర్శనం. ‘ఎగ్జాల్టెడ్ మార్చ్’ పేరుతో తలపెట్టిన పెద్ద విస్తరణ మాత్రం రద్దయింది.

2014 నవంబరులో వచ్చిన మూడవ భాగం ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’ స్థలం విషయంలో పూర్తిగా ఎదురుదిశకు వెళ్ళింది. ఎడారులు, అడవులు, మంచుకొండలతో ఒక్కొక్క ప్రాంతం కిర్క్‌వాల్ అంతటినీ మింగగల విస్తీర్ణంతో ఉంటుంది. గుహలు తిరగరాలేదు. కానీ మూడుసార్లు ఎక్కిన కొండదారి, ఏడేళ్ళు చూసిన మెట్లు వంటివి ఆ విశాలతలో లేవు. ఎన్ని గంటలు తిరిగినా ఆటగాడు అక్కడ ప్రయాణికుడే, ఊరివాడు కాడు. హాక్ అందులో కొద్దిసేపు కనిపించి, ఒక కఠిన నిర్ణయంలో ప్రాణం పణంగా పెట్టే పాత్రగా మిగులుతుంది.

వారిక్, కసాండ్రా ఆ మూడవ భాగంలో ఒకే పక్షాన సహచరులుగా ఉంటారు. వారి మధ్య పాత విచారణ తాలూకు కోపం ఇంకా పోలేదు. అయితే వారిక్ ధారావాహికంగా రాసిన ఒక చవకబారు ప్రేమకథను కసాండ్రా రహస్యంగా చదువుతుంటుంది. ఆ కథ సగంలో ఆగిపోయిందని ఆమె బాధ. అతని పుస్తకంలో ప్రతి మాటకూ రుజువు అడిగిన విచారణాధికారిణి, కథానాయిక ఏమైందో తెలుసుకోవడానికి తరువాతి భాగం రాయించమని ఆటగాణ్ణి మొహమాటంగా అడుగుతుంది.